అప్‌డేట్: హాస్టల్ వైఫై కుదురుకుంది, ప్లాన్ మార్చకుండానే

పోయిన నెల అడిగింది నేనే. అమీర్‌పేటలో మా హాస్టల్లో ఇరవై ఆరుగురం, ఒకటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్. రాత్రి తొమ్మిది దాటితే వీడియో కాల్స్ ఆగిపోతున్నాయి, 200 ప్లాన్‌కి మారాలా అని అడిగాను. మారక్కర్లేకపోయింది.

మీలో ఒకరు చెప్పినట్టు, అందరూ వాడుతున్న టైంలో పింగ్ (చిన్న డేటా ముక్క వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైం) చూశాను. పగలు 12 మిల్లీసెకన్లు ఉండేది 700 దాటింది! అందరూ రూముకి రాగానే ఫోన్లు ఫొటోలు, వీడియోలు బ్యాకప్‌కి ఎక్కిస్తున్నాయి. అప్‌లోడ్ నిండిపోయి ప్యాకెట్లు (డేటా ముక్కలు) క్యూలో పేరుకుపోతున్నాయి. కాల్ ప్యాకెట్ కూడా ఆ క్యూ చివర నిలబడాల్సిందే. మామూలు స్పీడ్ టెస్ట్ చూసి ఇది పట్టుకోలేకపోయాను. ఇన్నాళ్లూ కనెక్షన్ వాళ్లతో అనవసరంగా గొడవపడ్డాను, అది నా తప్పే.

రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్) వేసి, ఎస్‌క్యూఎం (ఈ క్యూని అదుపులో పెట్టే ఫీచర్) ఆన్ చేసి, అందులో కేక్ అనే పద్ధతి ఎంచుకుని, అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ అసలు స్పీడ్‌లో 90 శాతానికి కట్టేశాను. ఆ పది శాతం వదులుకుంటేనే క్యూ మన రౌటర్ చేతిలో ఉంటుంది. కేక్‌లో 'నాట్' ఆప్షన్ (రౌటర్ వెనక ఏ ట్రాఫిక్ ఎవరిదో గుర్తించేది) మర్చిపోవద్దు. అది లేకపోతే అప్‌లోడ్‌లో అందరూ ఒకే ఐపీ అడ్రస్‌గా కనపడతారు, మనిషికింత అని సమానంగా పంచడం కుదరదు. నాకు రెండు రోజులు పోయింది అక్కడే.

ఇప్పుడు రద్దీలోనూ పింగ్ 30 లోపే. నిన్న రాత్రి మా రూమ్మేట్ ఇంటర్వ్యూ 45 నిమిషాలు ఒక్కసారి కూడా ఆగలేదు. వాడి మొహంలో టెన్షన్ పోవడం చూసి నాకు చాలా సంతోషమేసింది.

మూడో అంతస్తు మూల గది మాత్రం ఇంకా స్లోనే. అక్కడ సిగ్నలే అందట్లేదు, ఆదివారం కేబుల్ లాగి ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) పెడుతున్నాం.