స్పారింగ్ లేని స్కూల్‌లో ఆత్మరక్షణ వస్తుందా?

మొదటిమెట్టు:
ఆత్మరక్షణ కోసం మార్షల్ ఆర్ట్స్ స్కూల్ వెతుక్కునేవాళ్లు దేన్ని చూసి నమ్మాలి? మాస్టర్‌ది ఎన్నో డాన్ (బ్లాక్ బెల్ట్‌లో స్థాయి) అన్నదా, గురుపరంపరా, స్పారింగా (ఎదురు తిరిగే పార్ట్‌నర్‌తో సాధన పోరాటం)? స్పారింగ్ లేకపోతే నేర్చుకున్నదంతా వృథా అని కొందరంటారు. స్పారింగ్ నియమాలున్న ఆట, దాడి చేసేవాడికి నియమాలుండవు కదా అని ఇంకొందరంటారు. తెలిసినవారు వివరంగా చెప్పండి.

చాపమీద:
ముందు ఒక్కటే చూడండి. ఎదుటివాడు లొంగకపోయినా పనిచేసేలా సాధన చేయిస్తున్నారా, లేదా?

మణికట్టు పట్టు విడిపించుకోవడమే తీసుకోండి. బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉన్న సందులోంచి, మోచెయ్యి ముందుకు తోస్తూ చెయ్యి లాగాలి. సూత్రం సరైనదే. పార్ట్‌నర్ చెయ్యి చాచి బొమ్మలా నిలబడితే ఎవరికైనా వచ్చేస్తుంది. నిజంగా పట్టుకున్నవాడు గుంజుతాడు, రెండో చేత్తో కొడతాడు, పట్టు జారగానే మళ్లీ అందుకుంటాడు. అందుకే మంచి స్కూల్‌లో మూడు దశలు కనబడతాయి. ముందు నెమ్మదిగా ఓ 10 సార్లు. తర్వాత పార్ట్‌నర్ సగం బలంతో అటూ ఇటూ లాగుతుండగా. ఆపైన 2 నిమిషాల రౌండ్: ఒకరి పని పట్టు వదలకుండా ఉండటం, రెండోవారి పని విడిపించుకుని తలుపు దాకా చేరడం. మొదటి దశలోనే ఆపి ఇంకో టెక్నిక్‌కి వెళ్లిపోయే స్కూల్‌లో ఏడాదికి వంద టెక్నిక్‌లు చూస్తారు, అవసరమైన రోజు ఒక్కటీ చేతికి రాదు.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1882లో కొడోకాన్ అనే జూడో స్కూల్ స్థాపించిన జిగోరో కానో, జుజుట్సు అనే పాత జపాన్ యుద్ధవిద్యలోని ప్రమాదకరమైన దెబ్బల్ని కటాలకే (ముందే నిర్ణయించిన కదలికల సాధన) పరిమితం చేసి, రాండోరిలో (స్వేచ్ఛగా తలపడే సాధన) లేకుండా చేశాడు. మిగిలినవాటిని ఎదురు తిరిగే మనిషి మీద, పూర్తి బలంతో, రోజూ సాధన చేయొచ్చని. బ్లాక్ బెల్ట్ పద్ధతి మొదలైందీ ఆయన దగ్గరే. షోడాన్, అంటే మొదటి డాన్ బ్లాక్ బెల్ట్, మొదటి మెట్టు మాత్రమే. దాన్నే శిఖరంలా చూపించే స్కూల్ అయితే జాగ్రత్తపడాలి.

కటాపక్షం:
చాపమీద గారూ, మీరు చెప్పిన మూడు దశలతో నాకు పేచీ లేదు. కానీ చాలా చోట్ల స్పారింగ్ అంటే సమాన బరువున్న ఇద్దరు, మెత్తని నేల, గంట కొడితే మొదలు, గంట కొడితే ఆఖరు. అక్కడి అలవాట్లు బయట ఎదురుతిరుగుతాయి. గ్లోవ్స్ వేసుకుని తల మీద బలంగా గుద్దడం అలవాటైనవారు ఉత్త పిడికిలితో నుదుటి మీద గుద్దితే చిటికెన వేలి వైపు ఎముక విరుగుతుంది. దీన్నే బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు. గ్రాప్లింగ్ (కుస్తీలా పట్లు పట్టే) పోటీల్లో కావాలని వెల్లకిలా పడి ఎదుటివాణ్ని గార్డ్‌లోకి, అంటే తన కాళ్ల మధ్యకి, లాగడం మంచి ఎత్తే. గట్టి నేల మీద, పక్కన ఇంకొకడు ఉంటే అదే ప్రాణం మీదికి తెస్తుంది. కంట్లో పొడవడం, గొంతు మీద కొట్టడం స్పారింగ్‌లో ఎలాగూ కుదరవు. వాటికి కటా, ప్యాడ్ తప్ప దారి లేదు.

చాపమీద:
పిడికిలి విషయం ఒప్పుకుంటాను. తల మీదికి అరచేతి మడమ వాడమని నేర్పాలి. కంటి విషయం మాత్రం ఒప్పుకోను. కదిలే మనిషి ముఖానికి గ్లోవ్ తగిలించలేనివారు అంతకన్నా చిన్న గురిని వేలితో అందుకోలేరు. దూరం, సమయం అంచనా వేయడం స్పారింగ్‌లోనే వస్తుంది.

1993లో జరిగిన మొదటి యుఎఫ్‌సీలో (వేర్వేరు యుద్ధవిద్యల వాళ్లు తలపడిన పోటీ) దాదాపు 80 కిలోల రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. కంట్లో పొడవకూడదు, కొరకకూడదు అని నియమం. అయినా ఫైనల్‌లో ప్రత్యర్థి గ్రేసీ చెవి కొరికాడు, గ్రేసీ వేసిన చోక్ (గొంతు బిగించే పట్టు) మాత్రం తప్పించుకోలేకపోయాడు. ఇక తాకకుండానే మనిషిని పడగొడతానన్న యానగి ర్యూకెన్ 2006లో ఒక ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) ఫైటర్ ముందు నిలబడి చిత్తుగా దెబ్బలు తిన్నాడు. ఆయన శిష్యులు అంతకుముందు నటించారని నేననను. గురువు చెయ్యి ఎత్తగానే పడటం వాళ్లకు అలవాటైపోయింది. ఎదురు తిరగని శిష్యులున్న ఏ స్కూల్‌కైనా పొంచి ఉన్న ప్రమాదం ఇదే.

గుమ్మందాకా:
మీరిద్దరూ దెబ్బ దగ్గరి నుంచే మొదలుపెడుతున్నారు. ఆత్మరక్షణలో ఎక్కువ భాగం దానికి ముందే జరుగుతుంది.

కెనడాలోని 3 విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది విద్యార్థినులతో ఒక పరిశోధన చేశారు. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మొత్తం 12 గంటల శిక్షణ, 3 గంటల చొప్పున 4 భాగాలు. తర్వాతి ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందినవాళ్లలో 5.2 శాతం, కరపత్రాలు మాత్రమే అందినవాళ్లలో 9.8 శాతం. అందులో పోరాటం ఒక భాగమే. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాద సూచనలు పసిగట్టడం, "ఏమనుకుంటాడో" అన్న మొహమాటాన్ని దాటి గట్టిగా వద్దనడం, అవసరమైతే తిరగబడటం, ఇవన్నీ నేర్పారు. బెల్టులేమీ లేవు.

కాబట్టి ఆ స్కూల్‌లో గొంతు పెంచి మాట్లాడటం సాధన చేయిస్తారా అని అడగండి. అరచేతులు తెరిచి ఛాతీ ఎత్తులో ఉంచి, రెండు చేతుల దూరం తగ్గకుండా వెనక్కి జరుగుతూ "దగ్గరికి రావద్దు" అనడం చాలామందికి పంచ్ కన్నా కష్టం. అది కూడా, దుర్భాషలాడుతూ మీదికొచ్చే పార్ట్‌నర్ ఎదుటే నేర్వాలి.

కత్తిని లాగేసుకోవడం నేర్పుతామనే స్కూల్ అయితే ఒక పరీక్ష ఉంది. తెల్ల టీషర్టు, కత్తికి బదులు మార్కర్, కళ్లద్దాలు. పార్ట్‌నర్ ఒక పోటు పొడిచి చెయ్యి అక్కడే ఉంచకూడదు. పొడిచి లాక్కుంటూ, ఖాళీ చేత్తో నెడుతూ, 20 సెకన్లు ఆగకుండా పొడవాలి. తర్వాత టీషర్టు మీద గీతలు లెక్కపెట్టండి. నిజాయితీ ఉన్న మాస్టర్ ఈ పరీక్ష తానే పెట్టి, పరుగు ఎందుకు మొదటి ఎంపికో చూపిస్తాడు.

కటాపక్షం:
మార్కర్ పరీక్షకు నేనూ ఓటేస్తాను. ఒక్క హెచ్చరిక మాత్రం. స్పారింగ్ ఉందన్న మాట విని మురిసిపోకండి. వారం వారం తలలు అదిరేలా కొట్టుకునే స్కూల్ కూడా చెడ్డదే. మౌత్‌గార్డ్ తప్పనిసరా? కొత్తవారిని ఎవరితో జోడీ కడుతున్నారు? తలకు దెబ్బ తగిలి మైకం కమ్మినా, వాంతి వచ్చినా ఆ రోజుకి ఆపేసి డాక్టర్ దగ్గరికి పంపుతున్నారా?

మొదటిమెట్టు:
అయితే ట్రయల్ క్లాస్‌లో ఏం చూడాలి?

చాపమీద:
ట్రయల్‌కి ముందు ఒక మామూలు క్లాస్ పక్కన కూర్చుని చూడనివ్వమనండి. వద్దంటే అక్కడికే అర్థమైపోతుంది. కూర్చున్నాక మాస్టర్‌ని కాదు, ఆరు నెలలుగా వస్తున్నవారిని చూడండి. పార్ట్‌నర్ ఎదురు తిరిగినప్పుడు టెక్నిక్ తప్పితే మాస్టర్ కారణం చెప్పి మళ్లీ చేయిస్తున్నాడా, లేక "నువ్వు సరిగ్గా పట్టుకోలేదు" అని పార్ట్‌నర్‌నే తిడుతున్నాడా?

గుమ్మందాకా:
క్లాస్ మొత్తంలో "ఇప్పుడు పారిపో" అన్న మాట ఒక్కసారైనా వినబడిందేమో కూడా చూడండి.