నెటాల్‌లో చనిపోయిన పూర్వీకుడి మరణ తేదీ, పాతిపెట్టిన చోటు ఎలా తెలుసుకోవాలి?

బొబ్బిలి ఆడపడుచు:
అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మా నాన్నమ్మ వాళ్ల తాత దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కి చెరకు తోటల్లో కూలీగా వెళ్లి అక్కడే పోయారు. ఆయన ఓడ ఎక్కేనాటికి నాన్నమ్మ తండ్రి ఇంకా తల్లి కడుపులో ఉన్నారట. అంటే 1907, 1908 ప్రాంతం. తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోనే లేదు.

కొన్నాళ్లు డబ్బు వచ్చిందట. తర్వాత వేరే ఎవరో రాసిన ఉత్తరం వచ్చింది, జ్వరంతో పోయారని. ఉత్తరం చెదలు తినేసింది. కవరు మాత్రం ఉంది, దాని మీద ‘వెరులం, 1912’ అని తపాలా ముద్ర కనిపిస్తోంది.

ఏ తిథిన పోయారో తెలియక ఆయనకి ఏనాడూ తద్దినం పెట్టలేదు. పెద్ద పండక్కి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఆయన పేరున ఒక పంచె పెడతాం, అంతే. నాన్నమ్మకి ఎనభై దాటాయి, ఆరోగ్యం బాగోలేదు. "కాల్చారో, పాతారో, ఏ రోజో ఒక్కటైనా తెలిస్తే బాగుణ్ను" అంటోంది. ఇంటిపేరుతో ఆన్‌లైన్‌లో వెతికితే ఏమీ రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

డర్బన్ తెలుగబ్బాయి:
నమస్కారం అక్కా. నేను ఇక్కడ ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా మనవాళ్ల కుటుంబాల కాగితాలు వెతుకుతుంటాను. మీ చేతిలో ఉన్న ఆధారం చిన్నదేం కాదు.

ముందు ఇంటిపేరు పక్కన పెట్టండి. ఓడ జాబితాల్లో మన ఇంటిపేర్లు సాధారణంగా ఉండవు. 1860 నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా నెటాల్‌కి వచ్చారు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. ఈ జాబితాలు క్వాజులు నెటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. మీరు తండ్రి పేరుతోనూ ఊరితోనూ వెతకాలి. బొబ్బిలి అప్పుడు విశాఖపట్నం జిల్లాలోది, కాబట్టి జిల్లా గడిలో ‘విజగపటం’ లాంటి స్పెల్లింగ్ ఉంటుంది. (ఇది చదివే శ్రీకాకుళం వాళ్లకి: మీ వైపు చాలా ఊళ్లు అప్పట్లో గంజాం జిల్లా కింద ఉన్నాయి.) పేర్లు గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేశాడు. అప్పన్న, సింహాచలం లాంటి పేర్లయితే మరీను. పైకి చదివి చూడండి, కంటితో పోల్చకండి.

ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే. ఒప్పందం అయిదేళ్లు. 1908లో వచ్చిన మనిషి 1912కి ఇంకా ఒప్పందంలోనే ఉంటాడు. అలాంటివాళ్లు చనిపోతే ఆ కబురు యజమాని నుంచి ప్రొటెక్టర్ ఆఫ్ ఇండియన్ ఇమిగ్రెంట్స్ (మన దేశం నుంచి వచ్చిన కూలీల వ్యవహారాలు చూసే అధికారి) ఆఫీసుకి వెళ్లాలి. ఇక్కడి ఆర్కైవ్స్‌లో ఆ ఆఫీసు ఫైళ్లు ఉన్నాయి. "మా అబ్బాయి ఏమయ్యాడు" అని మన దేశం నుంచి వచ్చిన ఉత్తరాలు కూడా వాటిలో ఉన్నాయి. చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. మీ వాళ్లు కూడా ఎవరిచేతైనా రాయించి ఉండవచ్చు, అదీ చూడాలి.

దీనితోపాటు ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో నెటాల్ మరణాల రిజిస్టర్ల స్కాన్‌లు చూడండి. అకౌంట్ ఉచితం. మీ కవరు మీదున్న వెరులం అనే ఊరు ఇనాండా డివిజన్‌లోది, కాబట్టి ఆ డివిజన్‌తో మొదలుపెట్టండి. మరణం 1912లోనే అనుకోవద్దు, కబురు ఆలస్యంగా రాసి ఉండవచ్చు. 1911 కూడా చూడండి.

సమాధి సంగతి మాత్రం ఆశ పెట్టనక్కా. అప్పట్లో ఇక్కడ హిందువులను కూడా చాలామందిని పాతిపెట్టారు. తోటల దగ్గర పాతిన కూలీలకి పేరు చెక్కిన రాయి ఉండటం అరుదు. తేదీ, తోట పేరు దొరికితే ఆ తోట ఎక్కడుండేదో చూపించగలను. అంతకుమించి మాట ఇవ్వలేను.

విశాఖ పెద్దమ్మ:
అమ్మా, ఒక మాట. మా అమ్మ వాళ్ల చిన్నతాత కూడా పోయాడనే అనుకున్నాం. వెతికించాక ఆయన అక్కడే మరో పెళ్లి చేసుకుని చాలా ఏళ్లు బతికాడని తేలింది. ఇప్పుడు ఆ పిల్లల మనవలు మాతో మాట్లాడుతున్నారు, మాకు సంతోషమే. కానీ మొదట విన్నరోజు మా అమ్మ అన్నం తినలేదు. ఏ కాగితం దొరికినా ముందు నువ్వు చదువు, ఆ తర్వాత మీ నాన్నమ్మకి నెమ్మదిగా చెప్పు.

తేదీ దొరికాక ఇంగ్లీషు తేదీతో ఆపేయకు. ఆ రోజు తిథి పంచాంగం లెక్కతో పురోహితుడి చేత కట్టించు. ఏ వేళ పోయారో కాగితంలో లేకపోతే ఆ మాట కూడా ఆయనకి చెప్పు.

బొబ్బిలి ఆడపడుచు:
అలాగే పెద్దమ్మా. తమ్ముడూ, నువ్వు గుర్తులన్నావని ఇప్పుడే నాన్నమ్మని అడిగాను. ఎడమ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేదట. వాళ్ల నాన్నమ్మ ఎప్పుడూ చెప్పేదట. తండ్రి పేరు, ఊరి పేరు నీకు విడిగా మెసేజ్ పెట్టాను.

డర్బన్ తెలుగబ్బాయి:
అందింది అక్కా. పచ్చబొట్టు రాసుంటే అదే పేరున్న నలుగురిలోనూ ఆయన్ని పట్టుకోవచ్చు. 1906 నుంచి 1909 దాకా మద్రాసు నుంచి వచ్చిన ఓడల జాబితాలు ముందు చూస్తాను. మీరు ఫ్యామిలీసెర్చ్‌లో ఇనాండా రిజిస్టర్లు మొదలుపెట్టండి. కవరుకి రెండువైపులా ఫొటో తీసి పంపండి. వెనక ఇంకో ముద్ర ఉండే అవకాశం ఉంది, చెరిగినట్టున్నా పరవాలేదు.