పల్లెలో పాత ఇల్లు కొంటున్నాం, కారు లోపలికి ఎలా తెచ్చుకోవాలి?

గోస్తనీ_గట్టు
తణుకు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో పాత పెంకుటిల్లు ఒకటి బేరానికి వచ్చింది. 240 గజాలు. ఇంటి పక్కన ఒకప్పుడు గేదెల పాక ఉన్న జాగా ఖాళీగా ఉంది: వెడల్పు 14 అడుగులు, లోతు 18, దాని వెనక నుయ్యి. ముందు ప్రహరీ గోడ, గోడని ఆనుకుని అడుగున్నర మురుగు కాలువ, ఆ తర్వాత 12 అడుగుల సీసీ రోడ్డు. గోడ కొట్టి గేటు పెట్టి, పాక జాగాలో కారు పెట్టుకోవాలని ఆలోచన. కారు స్విఫ్ట్. ఇప్పుడు పండక్కి వెళ్తే రామాలయం దగ్గర పెట్టి నడిచి రావాలి, తెల్లారేదాకా టెన్షనే. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. ఇలాంటి ఇళ్లకి దారి చేసుకున్నవాళ్లు ముందు ఏం చూసుకోమంటారు?

కళ్లం_బాబాయ్
లోపలి జాగా సంగతి తర్వాత. ముందు సందు చూడండి. స్విఫ్ట్ టర్నింగ్ రేడియస్ (స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కారు గీసే వలయంలో సగం) 4.8 మీటర్లు, అంటే దాదాపు 16 అడుగులు. 12 అడుగుల రోడ్డులో అది ఒక్క తిప్పులో గేటులోకి దూరదు, ముందుకీ వెనక్కీ ఆడించాల్సిందే. ఎదురింటివాళ్ల అరుగు రోడ్డు మీదకి వచ్చి ఉంటే ఆ ఆడించే జాగా కూడా ఉండదు.

కాగితం మీద లెక్కలు వేసే కన్నా ఊరి బయట కళ్లంలో ముగ్గుపిండితో గీసి చూడండి. 12 అడుగుల దూరంలో రెండు గీతలు రోడ్డు అనుకోండి. గేటు స్తంభాలు వచ్చేచోట నిలువుగా ఇటుకలు పేర్చండి. వెనకనుంచి ఒకసారి, ముందునుంచి ఒకసారి కారు పోనివ్వండి. ఇటుక పడిందంటే రేపు అక్కడే డోరుకి గీత పడుతుంది. గేటు వెడల్పు 10 అయితే కష్టం, 12 ఉంటే హాయి. స్తంభాల మూలలు చదరంగా కాకుండా ఏటవాలుగా కట్టిస్తే ఇంకో అరడుగు కలిసొస్తుంది.

ఇనుప_తలుపు
బాబాయ్ గారి మాటకి ఇంకోటి కలపాలి. 12 అడుగుల గేటు అంటే రెండు రెక్కలు, ఒక్కోటి ఆరడుగులు. లోపలికి తెరిస్తే ఆ ఆరడుగుల మేర కారు ఉండకూడదు. స్విఫ్ట్ పొడవు 3,860 మిల్లీమీటర్లు, 12 అడుగుల 8 అంగుళాలు. రెండూ కలిపితే 18 అడుగుల 8 అంగుళాలు. మీ లోతు 18. గేటు పడదు! బయటికి తెరిస్తే రోడ్డుకి అడ్డం, ఊళ్లో ఎవరూ ఊరుకోరు. పక్కకి జరిగే గేటుకి మరో 12 అడుగుల ఖాళీ గోడ కావాలి, మీకు అటు ఇల్లుంది. నాలుగు మడతల గేటు చేయించండి. రెక్క మూడడుగులే కాబట్టి దాదాపు 16 అడుగుల్లో పని అయిపోతుంది. నేను గేట్లే చేస్తాను, సందుల్లో ఇళ్లకి ఎక్కువగా ఇదే అడుగుతున్నారు. ఒక్కటే, గొళ్లెం దిగే నేల కన్నంలో మట్టి చేరుతుంది, వారం వారం కెలకాలి.

మానేరు_పిల్లగాడు
మాది కరీంనగర్ దిక్కు. మా వాడలో సీసీ రోడ్డు రెండోసారి పోసిన్రు, పాతది తవ్వకుండ దాని మీదనే. రోడ్డు మా వాకిలి కన్నా అడుగు ఎత్తుకు వచ్చింది. మీరు కూడా రోడ్డు మట్టం, జాగా మట్టం రెండూ చూసుకోండి. అడుగు దిగాలంటే కనీసం ఎనిమిది అడుగుల పొడవున వాలు ఇయ్యాలి, లేకుంటే బండి అడుగు తాకుతది. స్విఫ్ట్‌కి నేలనుంచి ఉండే ఎత్తు ఆరున్నర అంగుళాలు కూడా లేదు.

ఇక మోరి, అంటే మీరు చెప్పిన మురుగు కాలువ. మావోళ్లు మోరి మీద షాబాద్ బండలు పరిచిన్రు. మొదటి ట్రాక్టరుకే పలిగినయి. తర్వాత స్లాబు పోసిన్రు. వానకాలంలో రోడ్డు నీళ్లు మోరిలో పడకుండ స్లాబు మీదనుంచి సీదా వాకిట్లకి వచ్చినయి.

మేస్త్రి_75
స్లాబు పోయడం తప్పు కాదు, పోసే తీరు తప్పు. వాలు రోడ్డు వైపే ఉండాలి, మీ వైపు రెండు మూడు అంగుళాలు ఎత్తుగా. గేటు గీత దగ్గర చిన్న గట్టు. లోపల దాని వెనకే అడ్డంగా సన్న కాలువ, పైన ఇనుప జాలీ. అంతే, నీళ్లు రావు.

కాలువ_గోల
మేస్త్రి గారూ, ఒకే ముక్కగా స్లాబు పోస్తే పూడిక ఎవరు తీస్తారు? మా ఊళ్లో ఇంటింటికీ పోసుకున్నారు. చివరి నాలుగు ఇళ్లలోకి మురుగు ఎదురు తన్నింది. పంచాయతీవాళ్లు వచ్చి అన్నీ పగలగొట్టారు, గేట్ల ముందు గోతులు మిగిలాయి. రెండడుగుల ముక్కలుగా, కొక్కేలతో ఎత్తేలా పోయించాలి. లోపల గొట్టం వేసి సన్నం చేయకండి, కాలువ వెడల్పు కాలువకే వదలండి. ముందే పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇచ్చి, గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు చేత కాలువ మట్టం చూపించుకుంటే రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆధారం ఉంటుంది.

మేస్త్రి_75
ముక్కలుగా అయినా సరే, మందం తగ్గించొద్దు. కారు ఒక్కటే కాదు, రేపు ఇసుక లారీ కూడా అక్కడే ఎక్కుతుంది. ఇంకొకటి: పాత గోడ కొట్టేటప్పుడు ఇంటి మూలకి అతుక్కుని ఉందేమో చూడండి. పాత ఇళ్లకి పునాది లోతు తక్కువ, బీములుండవు. ర్యాంపు కోసం గోడ పక్కన తవ్వితే గోడే వాలిపోతుంది. నుయ్యి పూడ్చిన చోటు గానీ, సెప్టిక్ ట్యాంకు మూత గానీ చక్రాల కిందకి రాకూడదు.

లింకు_డాక్యుమెంటు
అందరూ కట్టడం గురించే మాట్లాడుతున్నారు. ఆ జాగా ఎవరిదో తేలిందా? పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన భూమిలో ఉంటాయి. కాగితంలో సర్వే నంబరు బదులు నాలుగు వైపులా హద్దులు రాస్తారు. 240 గజాలంటే 2,160 చదరపు అడుగులు. టేపు పెట్టి కొలవండి. పాక జాగా కలిపితేనే 240 వస్తోందా, కలపకుండానే వస్తోందా? కలపకుండానే వస్తే ఆ పాక పంచాయతీ జాగాలోనో పక్కవాళ్ల జాగాలోనో వేసి ఉంటారు. 2020 ఏప్రిల్‌లో మొదలైన స్వామిత్వ పథకంలో గ్రామకంఠాలని డ్రోన్లతో కొలుస్తున్నారు, మీ ఊళ్లో పూర్తయిందేమో సచివాలయంలో అడగండి.

పక్కవాళ్ల ఖాళీ స్థలం మీదుగా తిప్పుకోవచ్చులే అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. 1882 ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం దారి హక్కు రావాలంటే 20 ఏళ్లు హక్కుగా, ఆటంకం లేకుండా వాడి ఉండాలి. వాళ్లు సరేనంటే నడిచిన దారికి హక్కు పుట్టదు. కావాలంటే రిజిస్టరు చేయించుకోవాలి.

నార్ఫోక్_నుంచి
ఇక్కడ ఇంగ్లండులో పల్లెటూరి పాత ఇల్లు కొన్నాం, ఇదే తలనొప్పి. ఫుట్‌పాత్ అంచు దించి కారుకి దారి చేయాలంటే 1980 హైవేస్ చట్టం కింద కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఇంటి ముందు ఐదు చదరపు మీటర్లు దాటి నీరు ఇంకని గచ్చు వేస్తే ప్లానింగ్ అనుమతి కూడా కావాలి, నీళ్లు మన తోటలోకే మళ్లిస్తే అక్కర్లేదు. 2008 నుంచి ఈ రూలు. ఇది చూశాక ఊళ్లో నాన్నగారి ఇంట్లో మొత్తం కాంక్రీటు వద్దన్నాను. చక్రాలు నడిచేచోట రెండు పట్టీలు, మధ్యలో గులకరాళ్లు. నుయ్యి పక్కనే ఉంది కాబట్టి మీకూ అదే మంచిదేమో.

అమలాపురం_అల్లుడు
పైకి కూడా చూడండి బాబూ. కొబ్బరిచెట్టు ఉందా? మా బావగారి కారు అద్దం వాన లేదు, గాలి లేదు, మిట్టమధ్యాహ్నం పోయింది. ఇంకో సంగతి, కోతల రోజుల్లో మీ గేటు ముందే ధాన్యం ఆరబోస్తారు. ఆ పూట కారు తీయాలంటే ముందురోజే చెప్పుకోవాలి. లేదంటే వాళ్లు తిట్టరు, గుర్తుపెట్టుకుంటారు. ఈశాన్యంలో కారు షెడ్డు వద్దనే వాస్తు పెద్దలు ఎలాగూ వస్తారు, వాళ్లకి కాఫీ రెడీ పెట్టుకోండి.

గోస్తనీ_గట్టు
అందరికీ థ్యాంక్సండీ. నిన్న టేపు పట్టుకెళ్లి కొలిచాం. పాక జాగా కలిపితేనే 240 వస్తోంది, హమ్మయ్య. రోడ్డు తొమ్మిది అంగుళాలు ఎత్తుంది. ఎవరూ చెప్పనిది ఒకటి కనిపించింది: గేటు రావాల్సిన చోటుకి సరిగ్గా మధ్యలో కరెంటు స్తంభం స్టే వైరు (స్తంభం వాలకుండా లాగి పట్టే తీగ) భూమిలోకి దిగి ఉంది. దాన్ని జరపవచ్చా?

కళ్లం_బాబాయ్
జరపవచ్చు, కానీ మీరు ముట్టుకోకండి, స్తంభం వాలిపోతుంది. కరెంటు ఆఫీసులో అర్జీ పెడితే అంచనా వేసి ఇస్తారు, ఆ డబ్బు మీరే కట్టాలి. అంచనా కాగితం చేతికొచ్చాకే బేరం తేల్చండి. ఆ మొత్తం ఇంటి ధరలో తగ్గించమని అడగడానికి మీకు అదే ఆధారం.

గోస్తనీ_గట్టు
సరే బాబాయ్ గారూ. మడతల గేటు కొలతలతో ఆదివారం కళ్లంలో మళ్లీ గీసి చూస్తాను.