అడవులు, పాత కోట పట్టణాలు కలిపి కారు ప్రయాణం: ఏ పూట ఏది పెట్టుకోవాలి?

కొండదారి (ప్రశ్న)
అయిదు రోజులు, దాదాపు 900 కి.మీ. రెండు అడవులు, ఒక ఘాట్ రోడ్డు, కోటలున్న రెండు పాత పట్టణాలు. చిన్న హ్యాచ్‌బ్యాక్, నలుగురం, డిక్కీ నిండా సామాను. జంతువులు కనబడాలి, శిల్పాలు, శాసనాలు కూడా తీరిగ్గా చూడాలి. రెండింటికీ పొద్దున్నే మంచిదంటున్నారు, ఎలా సర్దాలి? బండిలో ఏం చూసుకోవాలి? చీకటి పడ్డాక అడవి దారిలో వెళ్లొచ్చా?

పాలపిట్ట
పొద్దుటి పూట అడవికే ఇచ్చెయ్యండి. జింకలు, అడవిపందులు, వేటాడే జంతువులు తెల్లవారుజామున, సందెవేళ ఎక్కువగా తిరుగుతాయి. ఎండెక్కితే నీడపట్టున పడుకుంటాయి, పక్కనే ఉన్నా కనబడవు.

శాసనానికి కావాల్సింది పొద్దు కాదు, ఏటవాలు వెలుతురు. అక్షరం గాడిలో నీడ పడితేనే చదవగలం. మిట్టమధ్యాహ్నం పైకప్పు లేనిచోట పరిచిన రాయి మీద రాత అసలు ఆనదు. సాయంత్రం ఎండ గోడను పక్కనుంచి రాసుకుంటూ పడేచోట రాత బాగా ఆనుతుంది. తూర్పు గోడ అప్పటికి నీడలోకి పోతుంది కాబట్టి టార్చిని రాతికి దాదాపు ఆనించి, పక్కనుంచి వెయ్యండి. ఎదురుగా వేస్తే చదునుగానే ఉంటుంది. కనబడాలని సుద్ద, నూనె మాత్రం పుయ్యొద్దు, రాయి పాడవుతుంది.

బైనాక్యులర్ 8×42 తీసుకోండి, అంటే 8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ. వెడల్పు ఉన్నది. 42ని 8తో భాగిస్తే 5.25 మి.మీ., కంటికి అందే వెలుతురు కిరణం వెడల్పు అది. 10×25లో అదే 2.5 మి.మీ., సందెవెలుగులో మసకే. చూసేటప్పుడు ఇంజిన్ ఆపెయ్యండి, లేకపోతే బొమ్మ వణుకుతుంది. తలుపు తియ్యొద్దు. బండిని పట్టించుకోని జంతువు కూడా మనిషి ఆకారం బయటపడగానే పారిపోతుంది, లేదా మీదికొస్తుంది.

గేరుబాక్సు
చీకట్లో అడవి దారి వద్దండి. తప్పకపోతే 50 దాటొద్దు, కారణం లెక్కలోనే ఉంది. గంటకు 80 అంటే సెకనుకు 22 మీటర్లు. కన్ను చూసి కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర, 33 మీటర్లు పోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినా ఆగడానికి ఇంకో 35. మొత్తం 68. లో బీమ్ (కిందికి దించిన హెడ్‌లైట్ వెలుగు) సరిగ్గా చూపేది సుమారు 50–60 మీటర్లే. అదే 50లో వెళ్తే 35 మీటర్లలో ఆగుతారు. జింక అడ్డమొస్తే స్టీరింగ్ తిప్పకుండా నేరుగా బ్రేకు తొక్కండి. తిప్పినవాళ్లే చెట్టుకో లోయకో పోతారు. ఒకటి దాటిందని కదలొద్దు, వెనక ఇంకోటి ఉంటుంది.

డిక్కీ నిండితే ముందు భాగం లేచి, మీ లో బీమ్ ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. హెడ్‌లైట్ ఎత్తు తగ్గించే 0–3 నాబ్ ఉంటే, నిండు బరువుకు మాన్యువల్ చెప్పిన అంకె మీద పెట్టండి. టైర్ల గాలి కూడా అంతే. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది. బండి మూడు గంటలైనా ఆగి ఉన్నప్పుడే కొలవాలి. నడిచిన టైరులో ఎక్కువ చూపిందని గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో దాదాపు ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్ పెట్టి దిగడం ఇంధనం ఆదా అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి కాగిపోతాయి. బ్రేకు ద్రవం తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ద్రవానికి కనీస మరుగు స్థానం కొత్తలో 230 డిగ్రీలు, తేమ చేరాక 155. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది. ద్రవం మార్పించి రెండేళ్లు దాటితే బయల్దేరే ముందే మళ్లీ మార్పించండి.

కొండదారి
దిగేటప్పుడు బ్రేకు వాసన వస్తే నీళ్లు పోసి చల్లార్చొచ్చా?

గేరుబాక్సు
పొయ్యొద్దు. వేడి డిస్కు వంకరపోవచ్చు, పగలొచ్చు. వీలైనంత చదునైన చోట ఆపి, గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టండి. వేడి తగ్గేదాకా హ్యాండ్‌బ్రేకు లాగకపోవడమే మేలు. కనీసం అరగంట ఆగండి. చల్లారాక కూడా పెడల్ మెత్తగా ఉంటే దిగకుండా మెకానిక్‌ని పిలిపించండి.

రాతిగోడ
పాలపిట్ట గారి మాటకు ఒక సవరణ. పొద్దుట అడవి, సాయంత్రం పట్టణం అంటే డ్రైవింగ్ మధ్యాహ్నం పడుతుంది. రెండు నుంచి నాలుగు దాకా కునుకు వేళ. పదికల్లా అడవి వదిలి, ఒంటిగంటకు దూరం ముగిసేలా చూసుకోండి. అందుకే ఆ రోజు 120–130 కి.మీ. మించి పెట్టుకోవద్దు. దూరాభారం రోజుని విడిగా ఉంచుకోండి, ఆ రోజు అడవీ వద్దు, కోటా వద్దు.

పాత పట్టణంలో బండిని కోటగోడ బయటే ఆపి నడవండి. ఆ సందులు కార్లకు కట్టినవి కావు. ఫోన్ మ్యాప్ దగ్గరిదారి అని లోపలికి తోలుతుంది, తిప్పుకోడానికి చోటుండదు. బండి వెడల్పు అద్దాలతో కలిపి కొలుచుకోండి, కంపెనీ చెప్పే వెడల్పులో సాధారణంగా అద్దాలు కలపరు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అడవిలో సిగ్నల్ దొరకదు. మ్యూజియంకీ అడవికీ వారపు సెలవు ఉండొచ్చు, రోజుల వరస వేసుకునే ముందు రెండూ కనుక్కోండి.