పెళ్లికి రెండు నెలల ముందు ముక్కు ఆపరేషన్: చేయించాలా, వద్దా?

గుంటూరు పిన్ని:
మా అక్క కూతురికి 24 ఏళ్లు. నిశ్చితార్థం అయింది, పెళ్లి రెండు నెలల్లో. ముక్కు దూలం మీద ఉన్న చిన్న ఎత్తు దానికి చిన్నప్పటి నుంచీ నచ్చదు. ఫొటో తీస్తుంటే పక్కకు తిరగదు. ఆపరేషన్ చేయించుకుంటానని పట్టుబట్టింది, డబ్బు కూడా తన జీతంలోదే. విజయవాడలో ఒక క్లినిక్ వాళ్లు ఈ నెలలోనే కడితే తగ్గిస్తామన్నారట. బావగారు ససేమిరా అంటున్నారు. అక్క ఎటూ చెప్పలేక ఏడుస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

సత్యనారాయణపురం:
వద్దండీ. అబ్బాయి ఆ ముఖం చూసే కదా ఒప్పుకున్నాడు! జబ్బు లేని ఒంటికి కత్తి ఎందుకు? మత్తు ఇచ్చాక ఏమన్నా అయితే జీవితాంతం బాధపడేది అమ్మానాన్నలే.

మొగల్రాజపురం అక్క:
నేను చేయించుకున్నాను. పదేళ్లయింది, ఏ రోజూ బాధపడలేదు. అబ్బాయికి నచ్చడం వేరు, అద్దంలో తనకి తాను నచ్చడం వేరు. దాన్ని పిచ్చి అనకండి.

కానీ పిన్నిగారూ, రెండు నెలల్లో పెళ్లి పెట్టుకుని మాత్రం వద్దే వద్దు. మొదటి వారం ముక్కు మీద గట్టి పట్టీ ఉంటుంది. కళ్ల చుట్టూ కమిలిన నలుపు రెండు వారాలు. అది పోయాక అయిపోయిందనుకుంటాం. ముక్కు చివర వాపు పూర్తిగా దిగడానికి ఏడాది వరకూ పడుతుంది. మూడో నెలలో మా బంధువుల పెళ్లి ఫొటోల్లో నా ముక్కు మునుపటికంటే లావుగా ఉంది. కొన్ని వారాలు కళ్లజోడు ముక్కుకి ఆన్చకూడదన్నారు. టేపుతో నుదుటికి అతికించుకుని కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. ఇక పెళ్లికూతురిని చేసేరోజు నలుగు పెట్టే చేతులు ఎన్నో ఆలోచించండి. ఎవరి చేయి గట్టిగా తగిలినా ప్రాణం పోతుంది. ముక్కుపుడక సంగతి కూడా డాక్టర్‌ని అడగాలి.

కొత్తపేట కుర్రాడు:
డిస్కౌంట్ అన్న మాట వినగానే నాకు భయమేసింది. మా అన్నయ్య ఇలాగే ఆఫర్ చూసి జుట్టు నాటించుకున్నాడు. ఊరు, క్లినిక్ పేరు చెప్పను. డాక్టర్ పది నిమిషాలు కనపడి వెళ్లిపోయాడు, మిగతాదంతా చేసింది టెక్నీషియన్లు. తల వెనక కుదుళ్లు ఎక్కువగా లాగేశారు. ఇప్పటికీ వెనక నుంచి చూస్తే చిమటలు కొట్టిన దుప్పటిలా ఉంటుంది. వాడు మంగలి షాపుకి వెళ్లడమే మానేశాడు. సంతకం పెట్టిన కాగితం ఇంగ్లీషులో నాలుగు పేజీలు, పెట్టించుకుంది ఆపరేషన్ గది గుమ్మం దగ్గర.

2022లో జాతీయ వైద్య కమిషన్ జుట్టు నాటే పని ఎవరు చేయాలో మార్గదర్శకాలిచ్చింది. వర్క్‌షాపుల్లో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని చెప్పింది. ముక్కుకైనా అంతే అన్నా, అక్కా. బోర్డు మీద కాస్మెటిక్ సర్జన్ అని ఉంటే సరిపోదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే పై డిగ్రీ ఉందా? ముక్కు ఆపరేషన్లు బాగా చేసే ఈఎన్‌టీ సర్జన్లూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో చూసుకోండి. మత్తు ఇచ్చేది ఎవరు, వాళ్లు చివరిదాకా అక్కడే ఉంటారా, రాత్రి ఊపిరి ఆడకపోతే ఐసీయూ ఎక్కడ అని ముఖం మీదే అడగండి. చిరాకు పడితే లేచి వచ్చేయండి.

బ్రాడీపేట:
సత్యనారాయణపురం వారికి ఒక మాట. ప్లాస్టిక్ సర్జరీ అంటే అందమొక్కటే కాదు. వంటింట్లో చీర అంటుకుని మా అమ్మ గడ్డం మెడకి అతుక్కుపోతే, తల పైకెత్తేలా చేసింది గుంటూరు పెద్దాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్లే. తొడ మీది చర్మం తీసి మెడకి వేశారు. దేవుడిచ్చిన ముఖం అంటే మా అమ్మ అలాగే ఉండిపోయేది.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. అందం కోసమైతే హెల్త్ ఇన్సూరెన్స్ రాదు, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేయడం లాంటివైతేనే వస్తుంది. మామూలు వైద్యానికి లేని జీఎస్టీ దీనికి పడుతుంది. తేడా వస్తే మళ్లీ చేయడానికి ఎవరు కడతారో ముందే రాయించుకోండి.

సత్యనారాయణపురం:
అమ్మగారి సంగతి వేరండీ, అది అవసరం. దానికి నేను అడ్డు చెప్పను. ముక్కు దూలం అవసరమా అన్నదే నా ప్రశ్న. నా మాట మార్చుకోను.

మొగల్రాజపురం అక్క:
అవసరమో కాదో ఆ అమ్మాయి చెప్పాలి కదండీ. పిన్నిగారూ, తను ఎవరి ఫొటో చూపించి ఇలా కావాలంటోంది? ఫోన్ ఫిల్టర్ ఫొటో అయితే కాస్త ఆగమనండి. మంచి సర్జన్ ఏది కుదురుతుందో, ఏది కుదరదో చెబుతాడు. అన్నిటికీ సరేననే వాడిని నమ్మొద్దు.

గుంటూరు పిన్ని:
ఇదంతా దానికి చదివి వినిపించాను. ఏడాది అన్న మాట దగ్గర ఆగిపోయింది, క్లినిక్ వాళ్లు రెండు వారాలే అన్నారట. అడ్వాన్స్ కట్టలేదు, బతికిపోయాం. పెళ్లయ్యాక ఆ అబ్బాయితోనే కలిసి వెళ్లి డాక్టర్‌ని అడుగుతానంటోంది. బావగారు మాత్రం అప్పుడూ ఒప్పుకోనంటున్నారు. దానికి ఉబ్బసం ఉంది, ఇన్‌హేలర్ వాడుతుంది. మత్తుకి అదేమన్నా ఇబ్బందా? తెలిసినవాళ్లుంటే చెప్పండి.

కొత్తపేట కుర్రాడు:
ఉబ్బసం ఉందని మత్తు డాక్టర్‌కి ముందే చెప్పి తీరాలి అక్కా. ఇన్‌హేలర్ చూపించండి, వాడే మందులన్నీ, ఆయుర్వేదం గోళీలతో సహా, కాగితం మీద రాసి తీసుకెళ్లండి.