ద్రుమమయమా, ద్రుమామయమా?

పాతపలక: రెండు రోజులుగా సంస్కృత నిఘంటువు అమరకోశంలో లక్క పేర్లు చెప్పే ఒక్క పాదం పంటికింద రాయిలా తగులుతోంది. "లాక్షా రాక్షా జతు క్లీబే యావోఽలక్తో" దాకా నాలుక దానంతటదే తిరుగుతుంది. ఆ పైన తాతయ్య "ద్రుమమయః" అని చెప్పించినట్టు గుర్తు. చెట్టు నుంచి వచ్చేది కాబట్టి అనుకున్నాను. అమరం అటక మీదెక్కడో ఉంది. అసలు సందేహం "రాక్షా" గురించి. రక్షకూ దానికీ ఏమైనా చుట్టరికమా?

గోదారిగట్టు: ద్రుమామయః అండీ. ఆరో అక్షరం గురువు కావాలి, మీ పాఠంలో లఘువైపోతోంది. ద్రుమ + ఆమయ. చెట్టుకు పట్టిన రోగం.

పాతపలక: తాతయ్య తప్పు చెప్పరు. నా చెవే తప్పు వినుంటుంది.

కెమిస్ట్రీ మేష్టారు: ఆ దీర్ఘంతో ఛందస్సే కాదు, కెమిస్ట్రీ కూడా నిలబడింది. ద్రుమమయం అనాల్సింది తుమ్మబంకని. అది చెట్టే కార్చేది, చక్కెరల గొలుసు, నీళ్ళలో కరుగుతుంది. లక్క అలా కాదు. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగులు చేరి, రసం పీల్చి స్రవించేది. అల్యూరిటిక్ ఆమ్లం వంటివి ఎస్టర్ బంధాలతో ముడిపడితే లక్క. గొలుసులు మరీ పొడుగు కావు గానీ జాతి పాలియెస్టరే, టెరికాటన్ చొక్కాలోని టెరిలిన్‌కి దూరపు బంధువు. 1907లో బేక్‌లాండ్ అనే రసాయనవేత్త ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో బేకలైట్ ప్లాస్టిక్ చేసిందీ లక్కకు బదులు వెతుకుతూనే.

గోదారిగట్టు: బాగుంది మేష్టారూ. కానీ అమరం రాసిన అమరసింహుడికి పురుగు సంగతి తెలుసంటారా? తెలిస్తే రోగం అని ఎందుకు ఊరుకున్నాడు?

చాదస్తం: లాక్షకి కృమిజ, కీటజ అనే పేర్లూ నిఘంటువుల్లో ఉన్నాయి. పురుగు అందరికీ తెలుసు. నా గొడవ వేరు. యావం, అలక్తం అంటే పారాణి, మన లత్తుక. అది రంగు. జతువు బంక. నీళ్ళలో కడిగితే రంగు పోతుంది, బంక మిగులుతుంది. రెండింటినీ ఒకే పంక్తిలో కుక్కేశాడు అమరుడు.

లక్కపిడత: లక్షల పురుగులు కాబట్టే లక్క అని మా స్కూల్లో చెప్పారు!

చాదస్తం: లక్ష వేరు, లాక్ష వేరు. మళ్ళీ దీర్ఘం దగ్గరే పడ్డాం.

లక్కపిడత: సరే, లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక వెళ్ళి చూడండి. తిరిగే అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే మెత్తబడి పూతలా పరుచుకుంటుంది. దాన్ని రోగం అనడానికి నోరెలా వచ్చిందో.

గోదారిగట్టు: కరగడం అంటే మనుచరిత్ర రాసిన పెద్దన గుర్తొచ్చాడు. ప్రవరుణ్ణి హిమాలయానికి చేర్చిన, సిద్ధుడిచ్చిన పాదలేపం మంచు తగిలి కరిగిపోయింది కదా. మేష్టారి లెక్కన అది తుమ్మబంక రకమే!

కెమిస్ట్రీ మేష్టారు: సందేహమేముంది. సిద్ధుడు కాస్త లక్క కలిపుంటే మంచు ఏమీ చేసేది కాదు. లక్క కరగాలంటే స్పిరిట్ కావాలి, హిమాలయంలో ప్రవరుడికి అదెక్కడ దొరుకుతుంది?

చాదస్తం: సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. వరూధిని లేదు, మనువు లేడు, పెద్దనకి మనుచరిత్రా లేదు.

పాతపలక: ఇంతకీ నా రాక్షా?

గోదారిగట్టు: ర-లలకి భేదం లేదంటారు కదండీ, లాక్షే రాక్ష. అయినా వరూధిని పద్యాల్లో మీకు ఏదిష్టం?