వార్డు మెంబరుగా సంతకం పెట్టనన్నాను, ఇప్పుడేం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, పంచాయతీలో ఒడియా. 2022 ఎన్నికల్లో వార్డు మెంబరుగా గెలిచాను.

పోయిన వారం తీర్మానాల పుస్తకం మా ఇంటికే పంపించారు. మా వీధి కాలువ పని పూర్తయిందని రాసి ఉంది. అప్పటికే ఏడుగురు సంతకాలు పెట్టేశారు. మా గుమ్మం ముందు చూస్తే సగం తవ్విన గొయ్యి, పక్కన గడ్డకట్టిన నాలుగు సిమెంటు బస్తాలు. పెన్ను మూసి పుస్తకం తిరిగిచ్చేశాను.

నన్ను నిలబెట్టి గెలిపించింది మా బావగారే. ఆయనే "అందరూ పెట్టారు కదమ్మా, నీకేం పోయింది?" అంటున్నారు. దేవుడి సాక్షిగా ప్రమాణం చేశాను, అబద్ధం కింద నా పేరెలా రాయను? రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు, టెన్షన్‌గా ఉంది.

నా అసమ్మతిని అదే పుస్తకంలో రాయమని అడగొచ్చా? తెలుగులో రాస్తే చెల్లుతుందా? బిల్లు, కొలతల పుస్తకం నకళ్ల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. 2005 చట్టం ప్రకారం అది ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ, ఇక్కడి అధికార భాష ఒడియాలో గానీ ఉండాలి. నాకు ఒడియా చదవడం వచ్చు, రాయడం తడబాటు. నమూనా ఎవరైనా రాసిస్తారా?

ఇంకొకటి. సొంతవాళ్లకు ఎదురు నిలిచి, బంధుత్వం తెగకుండా నెట్టుకొచ్చిన మెంబర్లు ఎవరైనా ఉంటే, ఇంట్లో ఏం చెప్పి ఒప్పించారో రాయండి. బావగారంటే నాకు నిజంగా గౌరవం.